ఎర్ర దారం కట్టిన ఆరు సీసాలు

జగిత్యాల జ్వరాల ల్యాబులో మల్లవ్వ చేతి మీదుగా పోయిన నెత్తురు సీసా ఒక్కటి కూడా తారుమారు కాలేదని పేరు. ఆ పేరు ఎవరో పెట్టింది కాదు, ఆమె పెట్టుకున్నదే. కానీ పందొమ్మిదేళ్ళుగా కాదన్నవాడు లేడు గనుక అది నిజమై కూర్చుంది.

ఆమె ఆ ల్యాబులో ఆయా. గాజు పలకలు కడగడం, సీసాలకు పేర్లు అంటించడం, వాటిని మంచుపెట్టెలో సర్ది హైదరాబాదుకు సాగనంపడం ఆమె పని. చదువు మూడో తరగతి దాటలేదు. ల్యాబుకు రాకముందు రాయికల్‌లో బీడీలు చేసేది. అక్కడి కార్ఖానాలో ఎవరి కట్టలు ఎవరివో తెలియడానికి తలా ఒక రంగు దారం చుట్టేవారు. ఆ అలవాటునే ల్యాబుకు తెచ్చింది. అంటించిన కాగితం మంచుకు తడిసి ఊడిపోతుంది, సిరా కారిపోతుంది, కట్టిన దారం ఎక్కడికి పోతుంది? అందుకని ఊరికొక రంగు పెట్టుకుంది. కోరుట్ల సీసాకు పచ్చ దారం. సిరిసిల్ల సీసాకు ఎర్ర దారం. హైదరాబాదు ల్యాబువాళ్ళు మొదట్లో ఈ ముడులు చూసి నవ్వారు. ఒక వానాకాలం పెట్టెలోకి నీళ్ళు చేరి పేర్లన్నీ చెరిగిపోయాయి. ఆ రోజు నుంచి నవ్వడం మానుకున్నారు.

పందొమ్మిదేళ్ళు చేసినా ఆమెది కాంట్రాక్టు కొలువే. ఆ ఏడు మాత్రం ఫైలు కదిలింది. పర్మినెంటు చేయాల్సిన వాళ్ళ జాబితాలో ఆమె పేరు మూడోది. కొలువు దిగిపోవడానికి ఇంకా రెండేళ్ళే మిగిలాయి కాబట్టి, ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ కాదు. పని మీద ఒక్క మచ్చ ఉండకూడదన్నది షరతు. ఆ మాట చెప్పినవాడి ముఖం మీదే ఆమె నవ్వింది. "మచ్చలు మీ ముఖాల మీద ఎతుక్కోండ్రి" అంది.

ఆ ఏడే సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి. బస్సులు డిపోలు దాటలేదు. బొగ్గు బాయిలు ఆగిపోయేసరికి కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియకుండా పోయింది. ల్యాబు ముందర టెంటు వేశారు. టెక్నీషియన్ జైపాల్ పగలంతా అందులో కూర్చునేవాడు. జ్వరంతో ఎవరైనా వస్తే లేచొచ్చి నెత్తురు తీసి, చేతులు కడుక్కుని, పోయి మళ్ళీ నినాదం అందుకునేవాడు. ఫారాలు రాసే గుమస్తా నరేందర్ మాత్రం తెలంగాణ వచ్చేదాకా గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు.

"మరి ఫారాలు ఎవలు రాస్తరు?" అని జైపాల్ తల పట్టుకున్నాడు.

"నా చేతులేమన్న పడిపోయినయా?"

"నీకు రాయస్తదా మల్లవ్వా?"

"నరేందర్ రాసిందానికంటె నేను రాసింది నయమే. ఆయన రాతను ఆయన్నే పిలిచి సదివించుకోవాలె."

లోపల ఆమెకు పండుగలా ఉంది. ముప్పై దాటాక రాత్రి బడిలో మళ్ళీ దిద్దుకున్న అక్షరాలు ఇన్నాళ్ళూ సీసాల మీద పేర్లు అంటించడానికే సరిపోయాయి. ఇప్పుడు ఫారం నిండా రాయవచ్చు. పేరు, వయసు, భర్త పేరు, ఊరు, జ్వరం ఎన్ని రోజుల నుంచి. గుండ్రంగా, నిదానంగా, ఎవరూ వంక పెట్టకుండా రాసేది.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు పొద్దున, ల్యాబుకు రోగులను తెచ్చే ఫజలుద్దీన్ ఆటో వచ్చి ల్యాబు ముందు ఆగింది. ఆరుగురు పడుచులు దిగారు. జడల్లో వాడిన బంతిపూలు, ముఖాల్లో జ్వరం. అందరిదీ ఒకే బాధ. కళ్ళ వెనుక పోటు, కీళ్ళు విరగ్గొట్టినట్టు నొప్పి.

"ఏ ఊరు బిడ్డా?" అని మల్లవ్వ ముందున్న అమ్మాయిని అడిగింది.

"సిరిసిల్ల పెద్దమ్మా."

"పేరు?"

"ప్రవళిక."

"మీ ఆయన పేరు?"

ప్రవళిక తల దించుకుంది. "ఆయన పేరు నేనెట్ల అంట? నువ్వే రాయరాదు."

"నాకేమన్న కలొచ్చిందా మీ ఆయన పేరు? ఏం పని జేస్తడు?"

"మరమగ్గం నడుపుతడు."

"అయితె పెనిమిటి పేరు మరమగ్గం అని రాయాల్నా?"

వెనుకున్న పిల్ల నవ్వు ఆపుకోలేక "శ్రీహరి పెద్దమ్మా" అనేసింది. అంత జ్వరంలోనూ ఆరుగురూ నవ్వారు. తక్కిన ఐదుగురు కూడా సిరిసిల్లే అన్నారు. మల్లవ్వ ఆరు ఫారాల్లో ఆరుసార్లు సిరిసిల్ల అని రాసింది. ఆ మాటలోని గుడులు ఆమెకు ముద్దుగా కుదిరేవి. ఆరు సీసాలకూ ఎర్ర దారం కట్టింది. అదే వారంలో కోరుట్ల నుంచి వచ్చిన మూడు పచ్చ దారం సీసాలను కూడా వాటి పక్కనే సర్ది, చేపల దుకాణం నుంచి ఫజలుద్దీన్ తెచ్చిన మంచు నింపి, పెట్టె మూతకు జై తెలంగాణ కాగితం అంటించి పంపింది. ఆ కాగితం లేకుండా ఆ రోజుల్లో ఏ బండీ రోడ్డు దాటేది కాదు.

దసరా దాటాక ఒక వారానికి హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. చేసింది కృపారాణి. వీర్నపల్లిలో కూలి చేసుకు బతికే ఇంట పుట్టి, చర్చి హాస్టలులో చదివి, ఇప్పుడు పెద్ద ల్యాబులో వైరస్‌ల మీద పని చేస్తున్న పిల్ల. మొదటి రెండేళ్ళూ ఈ జగిత్యాల ల్యాబులోనే, మల్లవ్వ కడిగిన గాజు పలకల మీదే పని నేర్చుకుంది.

"పెద్దమ్మా, తొమ్మిది సీసాలల్ల గూడ ఒక్కటే డెంగీ ఉన్నది."

"డెంగీ అన్నంక ఒక్కటే గాక పదుంటయా బిడ్డా?"

"ఉంటయి. దాంట్ల రకాలున్నయి, రకాలల్ల మల్ల వంశాలున్నయి. వైరస్ లోపట ఒక రాత ఉంటది. పదివేల అక్షరాల పైననే. ఒక ఒంట్లకెల్లి ఇంకో ఒంట్లకు పోయినకొద్ది తన రాతకు తనే నకలు రాసుకుంటది. రాసేటప్పుడు ఆడొకటి ఈడొకటి తప్పువోతది. మేము ఆ రాతల ఒక ముక్క సదివి, తప్పులు పక్కపక్కన వెట్టి జూస్తం. ఏది దేనికి సుట్టమో, ఏ దిక్కు కెల్లి అచ్చిందో గట్ల తెలుస్తది."

మల్లవ్వ ఫోను చెవి మార్చుకుంది. "గిదేంది, బీడీ మూతి మడత లెక్కనే ఉన్నది గదా?"

"అదెట్ల పెద్దమ్మా?"

బీడీ చుట్టాక మూతిని బొటనవేలి గోరుతో లోపలికి మడుస్తారు. ఆ మడత తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. రాయికల్ కార్ఖానాలో కట్టలు చూసే చెకరు దారం రంగు చూడకుండానే "ఇది ఎల్లవ్వ బిడ్డ చేసింది" అని చెప్పేవాడు. ఆ ఎల్లవ్వ బిడ్డే పెళ్ళయి వేరే ఊరు పోయి, అక్కడి ఆడవాళ్ళ నడుమ కూర్చుని చేసీ చేసీ మూడేళ్ళకు తిరిగి వస్తే, మడత తల్లిదే గానీ ఒక పక్కకు కొంచెం జారి ఉండేది. ఇదంతా మల్లవ్వ చెప్పింది.

"గంతే పెద్దమ్మా! ఇగ నేను పిల్లలకు పాఠం జెప్పేటప్పుడు గిదే జెప్త."

"జెప్పు. పేరు గూడ జెప్పు, మల్లవ్వ అని."

కృపారాణి నవ్వి, అసలు సంగతి చెప్పింది. తొమ్మిదింటిలో ఆరు సిరిసిల్లవి, మూడు కోరుట్లవి, చదివిన మేరకు ఒక్క అక్షరం కూడా తేడా లేదు. ఆ సంగతి రాసిన కాగితం జ్వరాల ఆఫీసరు రాజలింగం చేతికి వచ్చింది. ఆయన తేల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆరు ఎక్కడ, మూడు ఎక్కడ? జ్వరం పుట్టింది సిరిసిల్లలోనే. సమ్మెలో డీజిలు దొరికింది రెండు దోమల పొగ మిషన్లకే. రెంటినీ సిరిసిల్లకు తోలాడు.

నాలుగు రోజులు మరమగ్గాల వాడల్లో పొగ కొట్టారు. అక్కడ జ్వరాలే లేవని మిషన్ల వాళ్ళు ఫోను చేశారు. "నేతపనోల్లు, ఒక్కపూట పండుకుంటె కూలి పోతదని దాపెడుతున్నరు. ఇంటింటికి తిరుగుండ్రి" అన్నాడు రాజలింగం. ఇటు జగిత్యాలలో మల్లవ్వ దగ్గర పచ్చ దారం ఉండ అయిపోయింది. ఆరు నెలలు వచ్చే ఉండ వారంలో అయిపోయింది. వచ్చే రోగులంతా కోరుట్లే.

కరెంటు లేని ఒక మధ్యాహ్నం ఆమె గాజు పలకలు కడుగుతూ ఎల్లవ్వ బిడ్డ గురించి ఆలోచించింది. ఊరు మారితే మడత ఇంతైనా జారాలి. జారలేదు. ఎందుకు జారలేదు? దానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు, అది కృపారాణి లెక్క. మల్లవ్వకు మాత్రం ఆ పలక చేతిలో ఉండగానే ఫజలుద్దీన్ ఆటో గుర్తుకొచ్చింది. ఆ ఆటో తిరిగేది కోరుట్ల, జగిత్యాల నడుమ. సిరిసిల్ల దిక్కుకే అది పోదు. సిరిసిల్ల ఆడవాళ్ళు ఆరుగురు అందులో ఎట్లా దిగారు?

పలక జారి పగిలింది. పందొమ్మిదేళ్ళలో పలకలు పగలలేదని కాదు, ఇట్లా ఎప్పుడూ పగలలేదు.

మరునాడు పొద్దున్నే ఫజలుద్దీన్ ఆటో ఎక్కింది. దారిలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒక యువకుడు కర్ర అడ్డం పెట్టాడు.

"పోనియ్యమవ్వా. రాస్తారోకో."

"ఆపు. నేనేమన్న వద్దంటున్ననా? జ్వరాల ల్యాబుల ఆయాను. రేపు నీకు జ్వరమత్తె నెత్తురు సీసాకు దారం కట్టేది నేనే. ఏ రంగు కట్టాల్నో ఇప్పుడే జెప్పు."

యువకుడు కర్ర తీశాడు. "తిని పో అవ్వా" అని విస్తరి కూడా చూపించాడు. "వచ్చేటప్పుడు తింట. ఉప్పు సరిగ ఎయ్యుండ్రి" అంది. ఫజలుద్దీన్ దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె నవ్వలేదు.

"గా పండుగ ముందు ఆరుగురిని దెచ్చినవు గదా. ఏడ ఎక్కించుకున్నవ్ తమ్మీ?"

"మా గల్లీల్నే అక్కా. అందరు మా పక్కిండ్ల ఆడపిల్లలే."

ఆ గల్లీలో ఇంటింటి ముందు నీళ్ళ డ్రమ్ములు. కరెంటు లేక నల్లాలు ఎప్పుడు వస్తాయో తెలియదు గనుక వచ్చినప్పుడే నింపి పెట్టుకున్నారు. పండుగకు కూతుళ్ళు పిల్లలతో దిగడంతో ఉన్న డ్రమ్ములు చాలక కొత్తవి కూడా చేరాయి. మల్లవ్వ ఒకదానిలోకి తొంగి చూసింది. నీళ్ళ మీద సన్నని పురుగులు తోకలాడిస్తున్నాయి. ఆ డ్రమ్ములో చెంబు ముంచుతున్నది ప్రవళిక.

"ఇంక పోలేదా బిడ్డా సిరిసిల్లకు?"

"ఎట్ల వోవాలె పెద్దమ్మా, బస్సుల్లేవాయె. పండుగకని బస్సులు బందుగాక ముందే అచ్చినం, అచ్చిన కాడికెల్లి ఈడ్నే ఉన్నం."

"మరి సిరిసిల్ల అని ఎందుకు జెప్పినవే?"

ప్రవళిక వింతగా చూసింది. "నువ్వు మీదే ఊరన్నవు. మా ఊరు సిరిసిల్లనే గదా. అవ్వగారిల్లు నా ఊరెట్లయితది? కోరుట్ల అంటె, అత్తగారోల్లు ఎల్లగొట్టిండ్రా అని అడగరా?"

మల్లవ్వను అడిగినా అత్తగారి ఊరే చెప్పేది. ఊరు ఏదంటే బీర్పూరే. అంటే, ఆమె భర్త కొమురయ్యది బీర్పూర్. పెళ్ళయిన రెండేళ్ళకు అతను పోయాడు, ఆమె తల్లి దగ్గరికి రాయికల్ వచ్చింది, అక్కడి నుంచి జగిత్యాల. ముప్పై ఏళ్ళు దాటినా ఏ కాగితం మీదైనా ఊరు బీర్పూర్ అనే రాస్తుంది. మరో మాట ఆమెకు తోచనే లేదు. అందుకే ఆరుగురు పడుచులు చెప్పింది కూడా ఆమెకు వింతగా తోచలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన గుమస్తా అయితే "ఇప్పుడు ఎక్కడ ఉంటున్నావు?" అని అడిగేవాడేమో. ఈ తప్పు చేయడానికి ఈ ఊళ్ళ మనిషే కావాలి.

పక్కింటి అరుగు మీద లతీఫున్నీసా మనవరాలు సల్మాను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. మూడు రోజులుగా జ్వరం, ఆ పొద్దున చిగుళ్ళ నుంచి నెత్తురు కనిపించింది.

"పొగ బండి సిరిసిల్లకు వోయిందట గదా అక్కా?" అంది లతీఫున్నీసా. "ఎవలు జెప్పిండ్రు వాల్లకు, దోమలు ఆడున్నయని? దోమలు టికెట్ తీస్కోని పోయినయా, బస్సులే నడుస్తలేకపాయె?"

మల్లవ్వ సల్మాను ఫజలుద్దీన్ ఆటోలో ఎక్కించుకుని జగిత్యాల ఆసుపత్రికి తీసుకొచ్చింది. వచ్చేటప్పుడు వంటావార్పు దగ్గర ఆటో ఆగలేదు.

సాయంత్రం టెంటు వెనుక జైపాల్‌కు అంతా చెప్పింది. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వేం మాట్లాడకు మల్లవ్వా. నేనే రాజలింగం సారుకు జెప్త, కోరుట్ల కేసులు పెరిగినయి, మిషన్లు ఇటు మలపమని. రెండు మూడు దినాలల్ల ఆయనే ఒప్పుకుంటడు. ఫారాల సంగతి ఎవలకు తెల్వది. నీ ఫైలు ఆడ సంతకానికి ఉన్నది."

"రెండు మూడు దినాలల్లనా?"

"మరి? సమ్మెల ఉన్నం గదా."

"దోమ గూడ సమ్మెల ఉన్నదా?"

"నీ మంచికే జెప్తున్న. పందొమ్మిదేండ్లు వేచినవు."

అతను చెప్పింది అబద్ధం కాదు. మల్లవ్వ అక్కడే నిలబడి టెంటు గుడ్డను చేత్తో తడిమింది. రెండు రోజులు నోరు మూసుకుంటే పర్మినెంటు కాగితం వస్తుంది, పేరు పేరులా ఉంటుంది. అసలు నోరు మూసుకోవడమే ఆమెకు చేతకాని పని, కానీ నేర్చుకుంటే వచ్చేదే. ఆ రెండు రోజుల్లో ఆ గల్లీలో ఎన్ని డ్రమ్ముల మీద ఎన్ని పురుగులు రెక్కలు తెచ్చుకుంటాయో ఆమె లెక్క వేయలేదు. సల్మా చిగుళ్ళు మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

లోపలికి పోయి కృపారాణికి ఫోను చేసింది.

"బిడ్డా, నా సీసాలు ఇంక దాచినవా?"

"ఫ్రీజర్ల ఉన్నయి పెద్దమ్మా."

"ఎర్ర దారం కట్టినయి ఆరున్నయి గదా. దారాలు తెంపు. పచ్చ దారం కట్టు."

"అన్ని కోరుట్లయేనా?"

"అన్ని ఒక్క గల్లీయి. పండుగకు అవ్వగారింటికచ్చి ఆడ్నే దోమలు కరిపిచ్చుకున్నరు. నేను అత్తగారి ఊరు రాసిన. తప్పు నాదే. నీ మిషన్‌ది గాదు, నీది గాదు. సారుకు గట్లనే రాసి పంపు."

"నీ పేరు లేకుండ రాస్త పెద్దమ్మా."

"పేరు వెట్టు. మంచి జెప్పినప్పుడు వెట్టమన్న గదా, గిప్పుడు ఎందుకద్దు?"

మరునాడు పొద్దెక్కేసరికి రెండు పొగ మిషన్లూ కోరుట్ల గల్లీలో ఉన్నాయి. జైపాల్ టెంటులోంచి పాతికమందిని లేపి తీసుకుపోయాడు. వాళ్ళు ఒకే రోజులో వాడంతా డ్రమ్ములు బోర్లించి కడిగారు. సమ్మెలో ఉన్నవాళ్ళు పని చేయవచ్చా అని ఒకడు అనుమానం లేవదీశాడట. కృపారాణి కొత్త సీసాలు చదివి, ఆ వంశం డెంగీ ఆ వాడ దాటి సిరిసిల్లలో ఇంకా దిగలేదని రాసింది. బస్సులు మొదలై ఆడబిడ్డలు జ్వరాలతో అత్తగారిళ్ళకు మళ్ళకముందే సంగతి దొరికిందని, కొంచెం ఆలస్యమైతే సిరిసిల్లను కూడా పట్టుకునేదని కూడా రాసింది. సల్మా ఎనిమిదో రోజు లేచి కూర్చుని బిస్కట్టు అడిగింది.

సమ్మె ముగిసింది. నరేందర్ ఒట్టు సంగతి ఎవరూ ఎత్తకుండా తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మొదట టైపు కొట్టింది మల్లవ్వకు మెమో. రాజలింగం గదిలో నరేందరే దాన్ని చదివి వినిపించాడు. 'బీర్పూర్ గ్రామ వాస్తవ్యురాలు మల్లవ్వ, భర్త కొమురయ్య, తన నిర్లక్ష్యం వల్ల...'

"ఆగు" అంది మల్లవ్వ. "నిర్లక్ష్యమంటె ఏంది?"

"పట్టించుకోకపోవుడు."

"నేను పట్టించుకోలేదా? పట్టించుకోకపోతె ఈ కాగితం నీకెట్ల అచ్చేది? తప్పు అని రాయి. తప్పు జేసిన. సంతకం వెడత. నిర్లక్ష్యం అంటె వెట్ట."

రాజలింగం విసుక్కున్నాడు. "రెండిటికి తేడా ఏందమ్మా?"

"మస్తున్నది సారు. తప్పు మీరు గూడ జేస్తరు. ఆరు పెద్దగ, మూడు చిన్నగ అని మిషన్లు తోలిండ్రు. ఆడోల్లు యాడికెల్లి అచ్చిండ్రని మీరు నన్నడగలే, నేను వాల్లనడగలే. మిమ్మల్ని నేను నిర్లక్ష్యం అన్ననా?"

రాజలింగం నరేందర్ వైపు తల ఊపాడు. ఆ మాట మారింది. ఫైలు సంగతి మాత్రం మారలేదు. మెమో పడ్డ ఫైలు జాబితా నుంచి తీసేస్తారు. అది అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఫారంలో మాత్రం ఊరు గడి కింద కొత్త గడి ఒకటి పెట్టమని రాజలింగం నరేందర్‌కు చెప్పాడు. అందులో ఏం రాయాలో మల్లవ్వే చెప్పింది. గత ఇరవై రోజులు ఎక్కడ పండుకున్నారు?

నరేందర్ కొత్త కాగితం తీసి ముందుకు జరిపాడు. "ఇగ సంతకం వెట్టు మల్లవ్వా."

ఆమె వేలు పెట్టి మొదటి వరుస చదివింది. చదివి కాగితం వెనక్కి తోసింది.

"మల్ల ఏమైంది?"

"బీర్పూర్ అని ఉన్నది."

"నీ ఊరు గదే గదా. నువ్వే రాసిచ్చినవు."

"ఇచ్చిన. గా పడుచులు గూడ గట్లనే ఇచ్చిండ్రు. పందొమ్మిదేండ్ల సంది నేనేడ పండుకుంటున్ననో గా ఊరు రాయి."

నరేందర్ ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు కిటికీ వైపు చూశాడు. కాగితం మూడోసారి టైపు అయింది. మల్లవ్వ దాన్ని బల్ల మీద సాపు చేసి, గుండ్రంగా, నిదానంగా, ఎవరూ వంక పెట్టకుండా సంతకం చేసింది. పేరు కింద జగిత్యాల అని కూడా రాసింది. తరువాత పచ్చ దారం ఉండ కొత్తది కావాలని నరేందర్‌కు చెప్పి, పలకలు కడగడానికి పోయింది.